జీతపు లెక్క వ్రాయువాని వెల: కరణపు మేరనుండి షోలాపురపు పి.ఎఫ్. కన్సల్టెంటు వరకు

రాష్ట్రేతరాంధ్రుల చరిత్రను పరిశీలించువారు దేవాలయములను, గ్రంథాలయములను, పాఠశాలలను, ఉద్యమములను గూర్చి విపులముగ వ్రాసిరి. అది యవసరమే. కాని పరప్రాంతములయందు స్థిరపడిన తెలుగువారిలో పెక్కుమంది రెక్కల కష్టముచే బ్రతికినవారు. వారి కష్టమునకు ప్రతిఫలమును లెక్కకట్టినవారెవరు? ఆ లెక్క ఏ లిపిలో వ్రాయబడెను? వ్రాసినవానికి కూలి యెవరిచ్చిరి, ఏ కొలతపై నిచ్చిరి? చిన్నవిగా కనుపించు నీ ప్రశ్నలు ఒక కుటుంబపు అన్నమునకు, వార్ధక్యమునకు సంబంధించినవి.

ఈ వ్యాసమున నేను చెప్పదలచినది యొక్కటే. లెక్క వ్రాయువాని వెల ఏ కొలతపై నిలుచునో, ఆ లెక్క ఎవరి మేలు చూచునో అదియే చాలవరకు నిర్ణయించును. మన చరిత్రలో నీ కొలత మూడు రూపములు దాల్చినది. మొదటిది పంటలో పాలు. రెండవది యజమాని యిచ్చు నెలజీతము. మూడవది తలకింత యని కుదుర్చుకొను స్వతంత్రపు కట్టుబడి. మొదటిదానికి గ్రామకరణమును, తక్కిన రెంటికి షోలాపురపు తెలుగు శ్రామికులను ఉదాహరణముగ గైకొందును.

1. కళ్లమునందలి పంపకము

తెలుగు, తమిళ దేశములయందు గ్రామము తన సేవకులకు నాణెములతో జీతమిచ్చుట అరుదు. తలారి, వెట్టి, కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చాకలి, మంగలి మొదలగువారికి పంట కళ్లమున నూర్చిన పిమ్మట కొలిచి యిచ్చు ధాన్యమే జీతము. 1812లో ఇంగ్లండు పార్లమెంటు ముందుంచిన అయిదవ నివేదికయందు దక్షిణదేశపు గ్రామోద్యోగుల పట్టిక కలదు. సాగు లెక్కలను వ్రాయువానిగా కరణము అందు పేర్కొనబడెను. ఎవరికెంత మేర చెల్లవలెనో, ఏ మాన్యము ఎవరిదో, ఏ యేట ఎంత తగ్గెనో యాతని కవిలెలోనుండెడిది. అనగా నేటి భాషలో చెప్పినచో గ్రామమునకంతకును జీతపు చిట్టా వ్రాసినవాడు కరణమే.

ఆ కవిలెకట్టల విలువ చరిత్రకారులు ఎరిగినదే. కర్నల్ కాలిన్ మెకంజీ సేకరింపజేసిన కైఫియత్తులలో పెక్కింటికి గ్రామకరణముల దండకవిలెలే మూలాధారములు. సుమతీశతకమున కరణమును గూర్చి ఒకటి కంటె నెక్కువ పద్యములుండుటయే లెక్క వ్రాయువాని పలుకుబడి యెట్టిదో తెల్పుచున్నది.

ఇక కరణమునకు కూలి యెట్లు? ఆతనికిని మాన్యమో, మేరయో, రుసుమో గ్రామమే యిచ్చెడిది. 1802లో చెన్నపట్టణ ప్రభుత్వము తన 29వ రెగ్యులేషనుచే ఈ యుద్యోగమునకు నిబంధనల నేర్పరచెను. 1864 నాటి గ్రామపన్ను చట్టముచే గ్రామోద్యోగుల జీతములకై శిస్తుపై రూపాయికి అణాకు మించని పన్ను విధించుట కవకాశము కలిగెను. ఇట్లు పాలు క్రమముగ జీతముగ మారసాగెను. వంశపారంపర్యమైన ఈ యుద్యోగము తమిళనాట 1980లోను, ఆంధ్రప్రదేశమున 1984లోను రద్దయ్యెను.

పాలు అను కొలతయందొక సుగుణము, రెండు దోషములు కలవు. కళ్లమున కుంచముతో కొలుచునపుడు ఊరంతయు చూచుచుండును. ఎవరికెంత చేరెనో అందఱికి తెలియును. ఇది సుగుణము. దోషములలో మొదటిది, కూలి పనిని బట్టికాక పంటను బట్టి యుండుట. కరవువచ్చిన యేట తగ్గింపుల లెక్కలు, బాకీల లెక్కలు పెరుగును. మేర మాత్రము తరుగును. రెండవది యింకను ముఖ్యమైనది. కొలత బహిరంగము, వ్రాత రహస్యము. తలారికి కుంచము కనుపించును గాని, కవిలెలో తన పేరిట ఏమి వ్రాసిరో చదువనేరడు. ఈ రెండవ దోషము తెలుగువానితో కూడ వలసవెళ్లినది.

2. షోలాపురపు వలస

నిజాము రాజ్యపు తెలంగాణ మండలములనుండి పద్మశాలీలు మొదలగు నేతవారు పశ్చిమమునకు తరలిపోయి స్థిరపడిన పట్టణములలో షోలాపురము ముఖ్యమైనది. 1860లో రైలుమార్గము అచటికి చేరెను. 1877లో షోలాపురము స్పిన్నింగ్ అండ్ వీవింగ్ కంపెనీ స్థాపింపబడెను. జనులు దానిని నేటికిని పాతమిల్లు అనియే పిలుతురు. 1876-78 నాటి మహాక్షామము దక్కనునంతటిని పీడించిన కాలమది. స్వగ్రామమున మగ్గమునకు పనిలేక, పట్టణమున మిల్లుకు మనుష్యులు కావలసివచ్చి, ఈ రెండు కారణములచే వలస బలపడెను. పట్టణపు తూర్పుభాగము క్రమముగ తెలుగువారి పేటలతో నిండెను. మిల్లులకు తోడు చేమగ్గముల కార్ఖానాలు, అటుపిమ్మట మరమగ్గముల షెడ్లు వెలసెను. షోలాపురపు చద్దరు దేశమంతట ప్రసిద్ధికెక్కి భౌగోళిక గుర్తింపును బడసెను. పురుషులు మగ్గమునకు, స్త్రీలు బీడీలు చుట్టుటకు పోవుట అనేక కుటుంబముల జీవనవిధానమయ్యెను.

గ్రామమున ఊరందఱికి ఒక్క కరణము. పట్టణమున నట్లుకాదు, ఒక్కొక్క కార్ఖానాకు ఒక్కొక్క గుమాస్తా. అతనికి జీతమిచ్చువాడు యజమాని. లెక్క ఎవరిని గూర్చియో వారికి, లెక్క వ్రాయువానికి మధ్య గ్రామమున నున్న సంబంధము ఇచట తెగిపోయినది. ఇదియే రెండవ కొలత.

మరాఠీ వ్యాపారుల ఖాతాలు చిరకాలము మోడీలిపిలో వ్రాయబడెడివి. కలమెత్తకుండ వడిగా వ్రాయుటకనువైన ఆ గొలుసులిపి, బాలబోధ మను దేవనాగరి నేర్చినవారికే కష్టము. తెలుగు ఓనమాలైన పూర్తిగా రాని నేతవానికి అది చీమల బారు. అతడు నేసిన చద్దరులెన్నియో అతడెరుగును. ఖాతాలో నెన్ని యెక్కినవో యెరుగడు.

3. బాకీ పద్దు, బీడీల వేయి

కార్ఖానాపనికి కూలి సామాన్యముగ నేసిన సరుకును బట్టి. పనిలో చేరునపుడు యజమాని కొంత సొమ్ము ముందుగా నిచ్చుటయు, దానిని వారవారము కూలినుండి విరుచుకొనుటయు నేతపరిశ్రమలో పలుచోట్ల నున్న ఆచారము. ముందుసొమ్ము తీరనంతకాలము పనివాడు మరియొక మగ్గమునకు పోజాలడు. కావున ఖాతాలో బాకీ పద్దు కేవలము అంకెకాదు, అది కాలికి కట్టిన త్రాడు. ఆ త్రాటి పొడవు గుమాస్తా కలమున నుండెడిది. గుమాస్తాలందఱు అన్యాయపరులని నా యభిప్రాయము కాదు. ఒక్కని చేత జీతము పుచ్చుకొని, ఇరువురి మధ్య తీర్పువంటి లెక్క వ్రాయవలసివచ్చిన స్థితియే లోపభూయిష్ఠమని చెప్పుచున్నాను.

బీడీపనిలో కొలత వేయి. తునికాకును, పొగాకును తూచి స్త్రీలకిత్తురు. వారింటికడ చుట్టి తెచ్చిన బీడీలను లెక్కించి, వేయికింత చొప్పున కూలి కట్టుదురు. బాగులేదని ఏరివేసినది ఛాట్. ఏరివేసిన బీడీకి కూలి లేదు. కావున ఛాటు ఎంత యని వ్రాయు చేయియే కూలిని నిర్ణయించును. 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టమును అనుసరించి రాష్ట్రములు చేసిన నియమములు ఇట్లేరివేయుటకు హద్దు కల్పించుటకు, ఇంటికడ పనిచేయువారికి పుస్తకమిచ్చుటకు కారణమిదియే.

ఇంటిలో కూర్చుండి బీడీలు చుట్టు స్త్రీ కార్మికురాలా, కాదా యను వివాదము చాలకాలము సాగినది. 1985లో సుప్రీముకోర్టు ఒక తీర్పున అట్టి గృహకార్మికులకు భవిష్యనిధి చట్టము వర్తించునని నిర్ణయించెను. ఈ తీర్పు ఫలితము అంకెలలో చూడుడు. బీడీపరిశ్రమలో నిధి చందా 10 శాతము. ఒక స్త్రీ నెలకు 4,000 రూపాయలు సంపాదించెననుకొందము. ఆమెనుండి 400, యజమానినుండి 400, వెరసి 800 రూపాయలు నెలనెల ఆమె పేరిట నిధికి, పింఛనుకు చేరవలెను. దినమునకు నూరు బీడీలు తక్కువగ వ్రాసినచో నాటి కూలి మాత్రమే కాదు, ఇరువది యేండ్ల తరువాతి ముదిమిబత్తెము గూడ తరుగును. వ్రాత తప్పిన దినము మరచిపోవుదురు. దాని ఫలితము మరచిపోదు.

4. నోటీసు ఏ భాషలో?

1929లో నియమింపబడిన రాజకీయ శ్రామిక సంఘము, అనగా విట్లీ కమీషను, 1931లో తన నివేదికను సమర్పించెను. దాని సిఫారసుల ఫలితముగ వెలువడినది 1936 నాటి వేతనముల చెల్లింపు చట్టము. 1937 మార్చి 28న అమలులోనికి వచ్చెను. వేయిమంది లోపు పనివారున్న చోట నెల ముగిసిన ఏడవ దినములోపల, అంతకు మించినచోట పదవ దినములోపల జీతమియ్యవలెనని అది విధించెను. జుల్మానా ఆ కాలపు వేతనములో రూపాయికి అర అణాకు మించరాదనెను.

ఆ చట్టపు 25వ నిబంధన మనకు విశేషముగ గమనింపదగినది. చట్టపు సారాంశమును ఇంగ్లీషునను, ఆ ఫ్యాక్టరీయందు అధికసంఖ్యాకులైన పనివారి భాషయందును వ్రాసి కట్టవలెనని అది చెప్పినది. రాష్ట్రభాష యనలేదు, యజమాని భాష యనలేదు. పనివారి భాష యన్నది. తెలుగువారధికముగ నున్న షెడ్డున తెలుగు నోటీసు కోరుటకు ఆ మాట ఆధారమయ్యెను. అల్పసంఖ్యాక భాషాపాఠశాలలో తెలుగు చెప్పువాడనగుటచే ఈ నిబంధన నన్ను మిక్కిలి ఆకర్షించినది. భాషాహక్కు బడితోను, కవిసమ్మేళనముతోను ముగియునది కాదు. అది జీతపు చిట్టాదాక పోవలసినది.

1948 నాటి కనీసవేతనముల చట్టము, అదే యేటి ఉద్యోగుల రాజ్యబీమా చట్టము, 1952 నాటి భవిష్యనిధి చట్టము, 1965 నాటి బోనసు చట్టము ఒకదానివెంట నొకటి వచ్చి చిట్టాలో కొత్త గళ్లను చేర్చినవి. 1975లో మహారాష్ట్రము వృత్తిపన్ను విధించెను. 2019లో చేసిన వేతనముల స్మృతి 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చి, 1936, 1948, 1965 నాటి పై వేతన, బోనసు చట్టములను, 1976 నాటి సమాన వేతన చట్టమును తనలో కలుపుకొన్నది. భత్యములు మొత్తము ప్రతిఫలములో సగమునకు మించినచో, మించిన భాగమును గూడ వేతనముగనే లెక్కింపవలెనని ఈ స్మృతి చెప్పుచున్నది. పనివారికి వేతనపు చీటి నిచ్చుట యజమాని విధియని కూడ నిర్దేశించినది.

5. మూడవ కొలత: తలకింత

ఈ గళ్లన్నియు పూరించుట చిన్న షెడ్డు యజమానికి సాధ్యముకాదు. ప్రత్యేకముగ గుమాస్తాను పెట్టుకొనుటకు తాహతు చాలదు. ఈ యవసరమునుండి పుట్టినవాడు స్వతంత్రుడైన లెక్కదారు. పలువురు యజమానుల జీతపు లెక్కలను తానొక్కడే చేయును. జనులు వానిని పి.ఎఫ్. కన్సల్టెంటు అందురు. బి.కాం. చదివిన మన తెలుగు యువకులకు, యువతులకు ఇది గౌరవప్రదమైన జీవనోపాధి. అయితే వెల కట్టుటయందు వారు పాత తప్పులనే చేయు ప్రమాదము కలదు.

వెల కట్టు పద్ధతులు సామాన్యముగ మూడు: నెలకు ఇంతయని గుత్త, తలకింత, గంటకింత. గుత్తకొప్పుకొన్నచో పనివారు పదిమందినుండి ముప్పదిమందికి పెరిగినను రాబడి పెరుగదు. గంటకింత యన్నచో యజమాని నమ్మడు. నేర్పుగలిగి త్వరగా ముగించినవానికే నష్టము. తలకింత యనునది న్యాయముగ తోచును గాని, అదియు నొంటరిగ చాలదు. ఎందుకన, పనిలో కొంత భాగము తలలతో పెరుగును, కొంత భాగము పెరుగదు. చలాను పదిమందికైనను ఒకటే, నలువదిమందికైనను ఒకటే.

ఒక ఊహాలెక్క చూతము. 24 మందిగల షెడ్డుకు హాజరు, సరుకు లెక్కల సేకరణకు 2 గంటలు, కూలి కట్టుటకు 3, సరిచూచుటకు 1, చలానులకు ఒకటిన్నర, చీటీలకు, ప్రశ్నలకు ఒకటిన్నర, వెరసి 9 గంటలు. గంట విలువ 250 రూపాయలనుకొన్నచో పని విలువ 2,250. ఎనిమిదిమందిగల షెడ్డుకు నాలుగున్నర గంటలు పట్టిన 1,125. మనుష్యులు మూడవవంతైరి, పని సగమే తగ్గినది. కావున మూలవెల 600, తలకు 70 అని నిర్ణయించినచో మొదటిదానికి 2,280, రెండవదానికి 1,160 వచ్చి రెంటను పనికి తగిన ఫలము చేకూరును. ఊరిని బట్టి, అనుభవమును బట్టి యంకెలు మారును, పద్ధతి మారదు.

నెలనెల రాని పనులకు వేరుగ వెల చెప్పవలెను. క్రొత్తవాని పేరు నిధిలో చేర్చుట, విడిచిపోయినవాని తేది నమోదు చేయుట, తుదిలెక్క తీర్చుట, బోనసు పట్టిక, పాత బాకీల దిద్దుబాటు ఇట్టివి. మొదట చెప్పక తరువాత అడిగినచో అది కలహము. మొదటనే కాగితముపై వ్రాసినచో అది ధర.

ఇక వెలకును సత్యమునకును గల సంబంధము. నిధి చట్టమునకు 20 మంది, బీమా చట్టమునకు 10 మంది హద్దు. ఈ హద్దులకు లోబడి కనబడవలెనని కొందఱు యజమానులు తలలు తగ్గించి వ్రాయుమందురు. గుత్తకు వ్రాయువానికి దానివలన నష్టము లేదు; కావున వాని కలము సులభముగ వంగును. తలకింత పుచ్చుకొనువానికి దాచిన ప్రతి తలయు తన రాబడిలో లోటు. ఇచట కొలతయే సత్యమునకు తోడుపడుచున్నది. లేనివారిని చేర్చి వ్రాయు దురాశకు మూలవెల కొంత అడ్డుకట్ట. వ్రాయువాని నీతియే ప్రధానమైనను, నీతికి ఎదురీదని వెల యుండుట మేలు.

6. పని నడపు క్రమము

జీతపు లెక్కకు తిథులే ప్రాణము. ఏడవ తేదిలోపల నెలజీతము చేరవలెను. పదునైదవ తేదిలోపల నిధికి, బీమాకు సొమ్ము చెల్లవలెను. బీమా చందా 2019 జూలై 1 నుండి యజమానికి 3.25 శాతము, పనివానికి 0.75 శాతము. ఈ పదునైదు దినములలోనే యజమానులందఱి పనియు మీదపడును. తక్కిన పక్షము తీరిక యని లెక్కించి మితిమీరి పని యొప్పుకొన్నవాడు పదమూడవ తేదిన తప్పులు చేయును. కావున ఎంతమంది లెక్కలు చూడగలమను పరిమితిని మొదటి పక్షమునుబట్టి నిర్ణయించుకొనవలెను.

హాజరు పట్టిక ఏ తేదిన ముగియునో నిర్ణయించి, ఆ తేది తరువాత వచ్చిన మార్పులను వచ్చు నెలలో చూపవలెను. ఈ నెల మొత్తమును గడచిన నెలతో పోల్చి, భేదమునకు కారణము వ్రాసియుంచవలెను. యజమాని చేవ్రాలు లేక చలాను పంపరాదు. అన్నింటికంటె ముఖ్యమైనది, పనివారి సొమ్ము లెక్కదారు సొంత ఖాతాగుండ పోరాదు. చిట్టా వ్రాయువాడు చిట్టాయే వ్రాయవలెను, సంచి పట్టరాదు. ఒకరి జీతము మరియొకరికి చెప్పరాదు. తప్పు దొరకినపుడు కొట్టివేయక, దిద్దుబాటు పద్దును వేరుగ చూపవలెను.

7. మన కర్తవ్యము

కళ్లమున కొలత అందఱకు కనుపించెను, వ్రాత కనుపించలేదు. కార్ఖానాలో రెండును కనుపించలేదు. నేడు కొలతయు వ్రాతయు కనుపించుట సాధ్యమైనది. వేతనపు చీటి చట్టబద్ధము. నిధి ఖాతా చేతిలోని ఫోనులోనే చూడవచ్చును. అయినను చీటి చదువనేరని తల్లికి ఆ చీటి మోడీలిపి ఖాతాతో సమానమే.

కావున సమాజమునకు మూడు సూచనలు చేయుచున్నాను. మన పాఠశాలలయందు ఎనిమిదవ తరగతినుండి వేతనపు చీటి చదువుటను తెలుగు పాఠములోను, లెక్కల పాఠములోను చేర్చవలెను. హాజరు, మొత్తపు కూలి, కోత, నికరము, చందా అను మాటలు పిల్లల నోట నలుగవలెను. ఈ వృత్తిని చేపట్టు మన యువజనులు తమ వెలను మూలవెలగను, తలవెలగను విడదీసి కాగితముపై వ్రాసి యియ్యవలెను. వారు ఇంగ్లీషు చీటికి ప్రక్కన తెలుగు చీటి నిచ్చుట తమ కట్టుబడిలో భాగముగ చేసికొనవలెను. యంత్రము లెక్కకట్టు ఈ కాలమున రెండవ భాషలో చీటి అచ్చు వేయుటకు పట్టు శ్రమ స్వల్పము.

షోలాపురపు తెలుగువారు తరతరములుగ పరులకు దుప్పటి నేసిరి. నేసిన దుప్పట్లెన్నియో, వచ్చిన కూలి యెంతయో తమ బాసలో తామే చదివి సరిచూచుకొను శక్తి వారి బిడ్డలకు కలిగించుట మన పాఠశాలలు తలపెట్టదగిన పని. దానికి పెద్ద నిధులక్కరలేదు; ఒక నల్లబల్ల, ఒక జీతపు చీటి, వారమునకొక గంట చాలును.